పాత సంచికను విడదీయకండి

ఈ వేళ మన ఇళ్ళలో ఉండే పాత బొమ్మల పత్రికల గురించి మాట్లాడుకుందాం. చందమామ, యువ, జ్యోతి, ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రిక, ఆంధ్ర సచిత్ర వారపత్రిక, స్వాతి. ఈ పేర్లు వినగానే చాలామందికి ముందు బొమ్మలు గుర్తొస్తాయి. ఆ తర్వాతే కథలు. మరి ఆ పత్రికలు ఇప్పుడు ఎక్కడున్నాయి అంటే జవాబు కోసం తడుముకోవాలి. జంషెడ్‌పూర్ లాంటి ఊళ్ళో ఆ తడుముకోవడం ఇంకొంచెం ఎక్కువ. ఇక్కడ చాలామందివి కంపెనీ క్వార్టర్లు. ఉద్యోగం ఉన్నంతకాలం ఇల్లు మనది. రిటైరయ్యాక ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసే రోజున బీరువా లారీ ఎక్కుతుంది. గ్రైండరూ ఎక్కుతుంది. అటక మీది పత్రికల కట్ట మాత్రం కబాడీవాలా కాటా ఎక్కుతుంది. తెలుగు చదవని కబాడీవాలాకు అది కాగితమే. కిలోకి ఇంత అని కట్టి తీసుకుపోతాడు. అతని తప్పేమీ లేదు. అందులో ఏది ఎందుకు ఉంచాలో ఇంట్లోవాళ్ళకే తెలియనప్పుడు అతనికెలా తెలుస్తుంది? అందుకే ఈ ప్రసంగంలో ఒక్క మాటే చెబుతాను. పాత పత్రికను దాచాలనుకుంటే సంచికను సంచికగానే దాచండి. విడదీయకండి. అన్నీ దాచాలని ఆశపడకండి. ఒక పత్రిక ఎంచుకోండి. ఒక సంవత్సరం ఎంచుకోండి. ఆ సంవత్సరం సంచికలన్నీ అట్ట నుంచి అట్ట దాకా పోగుచెయ్యండి. ఎందుకలా అన్నది కారణాలతో చెబుతాను. మీకు రాగల అభ్యంతరాలకు కూడా జవాబు చెబుతాను.

ముందు ఈ ఊరి సంగతి. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో పుట్టింది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారైంది. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మన ఉత్తర కోస్తాను ఖరగ్‌పూర్‌తో కలిపింది, ఖరగ్‌పూర్‌ను టాటానగర్‌తో కలిపింది. శ్రీకాకుళం, విశాఖ, గంజాం వైపు నుంచి తెలుగువాళ్ళు ఆ రైలు దారినే ఇక్కడికి చేరారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. కదమాలో ఆంధ్ర అసోసియేషన్ పెట్టుకున్నారు. గుడిలో పండగలు, సంఘంలో నాటకాలు జరిగేవి. ఇంట్లోకి మాత్రం తెలుగు అచ్చులో వచ్చింది ఎక్కువగా పత్రికల ద్వారానే. మద్రాసులోనో విజయవాడలోనో అచ్చయిన దినపత్రిక ఇంత దూరం వచ్చేసరికి వార్త పాతబడుతుంది. వారపత్రికకూ మాసపత్రికకూ ఆ బాధ లేదు. కథ నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా కథే. బొమ్మ నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చినా బొమ్మే. అందుకే రాష్ట్రం బయట ఉన్న తెలుగు ఇంట్లో బొమ్మల పత్రికకు అంత చోటు దొరికింది. ఇప్పుడు ఇదే ఊళ్ళో ఇంకో సంగతి చూడండి. కంపెనీ తన పాత కాగితాలనూ ఫొటోలనూ టాటా స్టీల్ ఆర్కైవ్స్‌లో జాగ్రత్తగా దాచుకుంది. కర్మాగారం చరిత్ర రాయాలంటే అక్కడికి వెళ్ళొచ్చు. కానీ అదే కర్మాగారంలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషి సాయంత్రం ఏం చదివాడు? అతని భార్య ఏ సీరియల్ కోసం ఎదురుచూసింది? పిల్లలు ఏ బొమ్మ చూసి భయపడ్డారు? అది కంపెనీ దాచే సంగతి కాదు. ఆ కాగితాలు మన అటకల మీదే ఉన్నాయి. దాచవలసిందీ మనమే.

ఇక దాచే పద్ధతి. మన ఇళ్ళలో దాచడం లేకపోలేదు. కానీ ఒక అలవాటు ఉండేది. వారపత్రికలో సీరియల్ వస్తుంది. వారంవారం ఆ పేజీలు చింపి ఒకచోట పెట్టేవారు. సీరియల్ అయిపోగానే అన్నీ వరసగా పేర్చి బైండు చేయించేవారు. వీపున కాలికో గుడ్డ, పైన గళ్ళ అట్ట, దాని మీద సిరాతో నవల పేరు. ఆ బైండు చేతులు మారుతూ వీధంతా తిరిగేది. మిగిలిన పత్రిక పొయ్యి దగ్గరికో, పొట్లాలకో పోయేది. ఇంకో అలవాటు కూడా ఉంది. యువ దీపావళి సంచికలో వడ్డాది పాపయ్య గారి బొమ్మ వస్తే దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించేవారు. గోడ మీద బొమ్మ ఉండేది. సంచిక ఉండేది కాదు. ప్రేమతో చేసిన పనే. కాదనను. కానీ పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి పెళ్ళికూతుర్ని ఒక్కదాన్నే కత్తిరించుకున్నట్టుంటుంది. పెళ్ళికూతురు మిగులుతుంది. ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరు వచ్చారు అన్నది పోతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. దాని ఆధారంగా 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా తీశారు. నవల పుస్తకంగా దొరుకుతుంది. సినిమా చూడవచ్చు. కానీ అది వారంవారం చదివినవాళ్ళకు ఎలా అందింది? పక్క పేజీలో ఏ కథ ఉంది? ఏ బొమ్మతో మొదలైంది? పాఠకులు ఉత్తరాల్లో ఏమని మెచ్చుకున్నారు, ఏమని తిట్టారు? అది పుస్తకంలో లేదు. బైండులో కూడా లేదు. అది ఆ వారపు సంచికల్లోనే ఉంది. సీరియళ్ళు పుస్తకాలుగా వచ్చినప్పుడు వాటికి వేసిన బొమ్మలు చాలావాటిలో మిగల్లేదు. కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. సంచికను సంచికగానే ఉంచండి.

ఇక్కడ అసలు కారణం చెప్పాలి. సంచిక చేతికొచ్చిన రోజున అందులో ఏది విలువైనదో మనకు తెలియదు. ఇది ఊహ కాదు, రుజువున్న మాట. 1945లో మద్రాసు నుంచి ‘బాల’ అనే పిల్లల పత్రిక మొదలైంది. నడిపినవారు న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే మన శ్రోతల్లో పెద్దవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ పత్రికలో పిల్లలు రాసినవి, గీసినవి కూడా వేసేవారు. ముళ్ళపూడి వెంకటరమణ అనే కుర్రాడి తొలి రచన, బాపు అనే కుర్రాడి తొలి బొమ్మలు అందులోనే అచ్చయ్యాయి. ఆ రోజున ఆ పత్రిక కొన్న ఇంట్లో ఎవరైనా కత్తెర పట్టుకుని నచ్చినవి మాత్రమే కత్తిరించి ఉంటే ఏం కత్తిరించి ఉంటారు? పెద్ద రచయితల పేజీ కత్తిరించి ఉంటారు. పిల్లల పేజీని ఎందుకు పట్టించుకుంటారు? పదేళ్ళు తిరిగేసరికి అదే రమణ, అదే బాపు కలిసి ఆంధ్ర సచిత్ర వారపత్రికలో ‘బుడుగు’ను నడిపించారు. ఆ తర్వాత తెలుగు అచ్చుబొమ్మ, తెలుగు అక్షరం, తెలుగు సినిమా వాళ్ళ చేతుల్లో ఎలా మారాయో అందరికీ తెలుసు. కత్తెర పట్టినవాడికి అప్పటి అభిరుచి మాత్రమే తెలుసు. రేపటి అవసరం తెలియదు. అందుకే కత్తెర పక్కన పెట్టమంటున్నాను.

చందమామ సంగతి ఇంకా గట్టి రుజువు. చందమామ 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు స్థాపించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావు గారు. కానీ సంపాదకుడిగా ఆయన పేరు వేసుకోలేదు. 1954లో ‘తోకచుక్క’ అనే జానపద సీరియల్ మొదలైంది. తర్వాత ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళ దుర్గం’ వచ్చాయి. రెండు తరాల పిల్లలు వాటికోసం నెల లెక్కపెట్టుకున్నారు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. బొమ్మలు చిత్రా గారివి. సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. పేరు లేని రచనను వెతకడానికి గ్రంథాలయం కేటలాగు పనికిరాదు. సంచికలే చూడాలి. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ సీరియళ్ళు రచయిత పేరుతో, చిత్రా బొమ్మలతో పుస్తకాలుగా వచ్చాయి. ఎలా వచ్చాయి? ఎవరో కొందరు పాత సంచికలు పారెయ్యకుండా ఉంచారు కాబట్టి వచ్చాయి. ఒక సీరియల్ ఏడాదికి పైగా నడుస్తుంది. మధ్యలో ఒక్క నెల సంచిక లేకపోతే కథ తెగిపోతుంది. అందుకే నేను ‘ఒక సంవత్సరం పూర్తిగా’ అంటున్నాను. పది సంవత్సరాల నుంచి ఏరిన యాభై విడి సంచికల కన్నా ఒక సంవత్సరపు పన్నెండు సంచికలు ఎక్కువ పనికొస్తాయి. వరసకు ఉన్న విలువ కుప్పకు లేదు.

సంచికను దగ్గరగా చదవడం కూడా నేర్చుకోవాలి. అట్ట పోయిన చందమామ ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. ఏ సంవత్సరందో ఎలా చెప్పడం? ముందు ధర చూడండి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ధర అణాల్లో ఉంటే సంచిక ఆ మార్పుకు ముందుది అనుకోవచ్చు. నయాపైసల్లో ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఆ తర్వాత ‘నయా’ అన్న మాట పోయి ఉత్త పైసలు మిగిలాయి. తర్వాత చిరునామా చూడండి. చందమామ కార్యాలయం వడపళనిలో ఉండేది. మొదట్లో ‘మద్రాసు-26’ అని వేసేవారు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. ‘600 026’ అని ఆరంకెలు కనిపిస్తే ఆ సంచిక 1972 తర్వాతిదే. ఇక మార్చి సంచిక. 1956 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ నియమాల ప్రకారం ప్రతి పత్రికా ఏటా ఫిబ్రవరి తర్వాత వచ్చే మొదటి సంచికలో ఒక ప్రకటన వెయ్యాల్సి ఉండేది. ఫారం-4 అంటారు. అచ్చువేసినవారు, ప్రచురించినవారు, సంపాదకులు, యజమానులు ఎవరో అందులో పేరుపేరునా ఉంటుంది. చిన్న అక్షరాల్లో, ఒక మూల. కథల కోసం చదివినవాడు ఆ మూలను ఎన్నడూ చూడడు. కానీ ఒక పత్రిక చేతులు ఎప్పుడు మారిందో చెప్పే పక్కా కాగితం అది. ఇంకా చివరి పేజీల్లో ఫొటోల పోటీ ఉండేది. రెండు ఫొటోలు వేసి, వాటికి జతగా కుదిరే వ్యాఖ్యలు పాఠకులను రాయమనేవారు. గెలిచినవాళ్ళ పేరూ ఊరూ అచ్చయ్యేవి. ఏ ఊళ్ళలో చందమామ చదివారో చెప్పే చిట్టా అది. అందులో జంషెడ్‌పూర్ ఎన్నిసార్లు వచ్చిందో, ఖరగ్‌పూర్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలంటే వరస సంచికలు చేతిలో ఉండాలి. వెనక అట్ట మీద బిస్కెట్ల ప్రకటన, లోపలి అట్ట మీద చాక్లెట్ల ప్రకటన. అవి కూడా ఆ కాలపు ధరలూ బట్టలూ కోరికలూ చెప్పే పేజీలే. బైండు చేయించేటప్పుడు ముందుగా చింపి పారేసేవి ఇవే. అట్ట, ప్రకటన, ఉత్తరాలు, ఫారం-4. పోయినవాటికి కథల్లాగా రెండో ముద్రణ ఉండదు.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది. ‘బైండ్లు చేయించబట్టే కదా చాలా నవలలు మిగిలాయి, వాటిని తప్పుపడతారేం?’ అంటారు. న్యాయమైన మాట. పుస్తకం కొనే స్తోమత లేని ఇంట్లో ఆ బైండే పుస్తకం. ఇంట్లో ఆడవాళ్ళు అలా కట్టుకున్న గ్రంథాలయాలు ఎన్నో. పుస్తకంగా రాకుండా పోయిన సీరియళ్ళు ఆ బైండ్లలోనే బతికున్నాయి. కాబట్టి ఇప్పటికే బైండు అయినవాటిని పారెయ్యకండి. విప్పకండి కూడా. లోపలి మొదటి ఖాళీ కాగితం మీద పెన్సిలుతో మూడు సంగతులు రాసిపెట్టండి. ఏ పత్రిక, సుమారు ఏ సంవత్సరం, ఎవరు కట్టించారు. అంతే. నేను వద్దనేది కొత్తగా కొయ్యడాన్ని. ఆ రోజుల్లో కథ దొరకడానికి వేరే దారి లేదు, అందుకని కోశారు. ఈ రోజు నవలకు పుస్తకం ఉంది. బొమ్మ కావాలంటే ఫోనుతో ఫొటో తీసుకుని పెద్దది చేయించుకోవచ్చు. గోడ మీద నకలు పెట్టండి. అసలును సంచికలోనే ఉంచండి.

రెండో అభ్యంతరం చాలామంది అనేది. ‘అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా, ఈ కాగితాలు ఎందుకు?’ అంటారు. దీనికి చందమామ చరిత్రే జవాబు. 2007లో ఆ పత్రిక ముంబైలోని జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ చేతికి వెళ్ళింది. పాత సంచికలను స్కాన్ చేసి పత్రిక వెబ్‌సైటులో పెట్టారు. అందరూ సంతోషించారు. కొన్నేళ్ళకు పత్రిక ఆగిపోయింది. తర్వాత ఆ వెబ్‌సైటు కూడా మూతపడింది. ఈ రోజు నెట్‌లో దొరుకుతున్నవి చాలావరకు అభిమానులు దించుకుని, స్కాన్ చేసి, వేరేచోట ఎక్కించినవే. వాళ్ళకు దణ్ణం పెట్టాలి. కానీ ఆ స్కాన్లు తెరిచి చూడండి. కొన్నింటికి అట్ట లేదు. కొన్నింట్లో పేజీలు లేవు. కొన్ని నలుపు తెలుపుల్లో ఉన్నాయి. వడ్డాది పాపయ్య గారి బొమ్మను నలుపు తెలుపులో చూస్తే ఏం చూసినట్టు? ఆ లోటు తీరాలంటే మంచి కాగితపు ప్రతి ఎక్కడో ఒకచోట ఉండాలి. స్కాన్ కాగితం నుంచే పుడుతుంది. కాగితం పోయాక స్కాన్‌ను బాగుచేసే మార్గం లేదు. కాబట్టి ఇంటర్నెట్ ఉండడం మన పనిని రద్దు చెయ్యదు. మన పని దానికి ఆధారం.

మూడో అభ్యంతరం ఈ ఊరి తల్లిదండ్రులది. ‘మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. హిందీ చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. ఈ పత్రికలు ఎవరికోసం?’ ఈ అభ్యంతరంలో నిజముంది. నొప్పి కూడా ఉంది. కానీ బొమ్మల పత్రిక విషయంలో దీనికి చక్కని ఉపాయం ఉంది. చందమామ 1949 నుంచి హిందీలో కూడా వచ్చింది. ఆ తర్వాత ఒడియాలో, ఇంకా చాలా భాషల్లో వచ్చింది. 2000 తర్వాత కొంతకాలం సంతాలీలో కూడా వెలువడింది. జార్ఖండ్‌లో ఉన్న మనకు ఆ సంగతి గుర్తుంచుకోదగినదే. ఈ భాషలన్నింటిలో సాధారణంగా అవే కథలు, అవే బొమ్మలు. బేతాళుడు అదే చెట్టుకు వేలాడతాడు. విక్రమార్కుడు అదే కత్తి పట్టుకుంటాడు. శంకర్ గారి ఆ బొమ్మ భాష మారినా మారలేదు. ఇప్పుడు మీ దగ్గరున్న తెలుగు సంచికకు జోడీ అయిన హిందీ సంచిక సంపాదించండి. హిందీ పాత సంచికలు ఈ ప్రాంతంలో వెతికితే దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టండి. పిల్లవాడు హిందీలో కథ చదువుతాడు. బొమ్మను బట్టి తెలుగులో అదే చోటు పట్టుకుంటాడు. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరం భయపెట్టదు. కూడబలుక్కుని ఒక వాక్యం చదువుతాడు. ఇది జరగాలంటే రెండు సంచికలూ కుదురుగా ఉండాలి. కోసిన పేజీలతో జోడీ కుదరదు. ఇంకో మాట కూడా పిల్లలకు చెప్పండి. ఆ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉండి బొమ్మలు వేశారు. ఈ ఊరి తెలుగు ఇళ్ళు చాలావాటికి అది తాతల ఊరి దారి. మన వైపు మనిషి వేసిన బొమ్మ అంటే పిల్లలు ఇంకోసారి తిరిగి చూస్తారు.

నాలుగోది చోటు, డబ్బు. ‘ఉన్న రెండు గదుల్లో పత్రికలు ఎక్కడ పెడతాం?’ అంటారు. అందుకే అన్నీ దాచవద్దన్నాను. ఒక సంవత్సరపు చందమామలు పన్నెండు. ఒకదానిమీద ఒకటి పెడితే జానెడు ఎత్తు కూడా ఉండవు. బీరువాలో ఒక చీర చోటు చాలు. వారపత్రిక అయితే ఏడాదికి యాభైకి పైగా అవుతాయి. దానికి ఒక పెట్టె కావాలి. అది కూడా బరువనిపిస్తే ఒక సీరియల్ నడిచినన్ని వారాలే ఎంచుకోండి. డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. రేపు అమ్మితే లక్షలొస్తాయని ఈ పని మొదలుపెట్టకండి. రావు. అందరూ దాచిన పత్రికకు ధర రాదు. ఎవరూ దాచని పత్రికకు కొనేవాడు అరుదు. ఎవరైనా ఒక్క అట్టకు వందలు అడిగితే ఆగండి. అదే సంచిక ఇంకోచోట తక్కువకు దొరుకుతుంది. లేదా మార్పిడికి దొరుకుతుంది. ఓపికే ఇక్కడ పెట్టుబడి.

ఎలా మొదలుపెట్టాలి? ముందు ఒక కాగితం మీద పన్నెండు నెలల పేర్లు రాయండి. ఇంట్లో ఉన్న నెలకు టిక్కు పెట్టండి. ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీలే మీరు వెతకవలసినవి. వాటిని ముందు ఇక్కడే వెతకండి. కదమా, సోనారి, గోల్మురి, టెల్కో కాలనీల్లో రిటైరవుతున్నవాళ్ళ ఇళ్ళు ఉంటాయి. క్వార్టరు ఖాళీ చేస్తున్నారని తెలిస్తే వెళ్ళి అడగండి. కాటా వెయ్యకముందే అడగండి. ఊరికి వెళ్ళినప్పుడు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాలున్నాయి. జేబులో మీ కాగితం ఉంచుకోండి. ఉన్న నెలనే మళ్ళీ కొనే పొరపాటు తప్పుతుంది. రెండేసి ప్రతులు దొరికితే ఇంకొకరితో మార్చుకోండి. ఇక దాచే తీరు. చవక పత్రికా కాగితం ఎండ తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. కాబట్టి కిటికీ పక్కన వద్దు. నిలబెట్టకండి, పడుకోబెట్టండి. చిరిగిన పేజీకి సెలోటేపు అంటించకండి. కొన్నాళ్ళకు ఆ జిగురే గోధుమరంగు మరక అవుతుంది. పిన్నులు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా తీసి, పత్రికను దారంతో వదులుగా కట్టండి. జంషెడ్‌పూర్ వానాకాలంలో గాలి చెమ్మగా ఉంటుంది. గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. కలరా ఉండలు పెట్టె మూలల్లో వెయ్యండి. కాగితానికి తగలనివ్వకండి. చెదలు గోడవెంట వస్తాయి. పెట్టెను గోడకు, నేలకు ఆనించకండి. వానలు తగ్గాక ఒకసారి తీసి నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఎండలో మాత్రం వద్దు. ల్యామినేషన్ అసలే వద్దు. అది చేశాక వెనక్కి తియ్యడం కుదరదు.

చివరగా ఒక ప్రశ్న మిగులుతుంది. ‘వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు ఉన్నాయి కదా, 1918 నుంచి పాత పత్రికలు దాచుతున్నారు కదా, ఇళ్ళలో మళ్ళీ ఎందుకు?’ గ్రంథాలయాలు కావాలి. వాటికి సాయం కూడా చెయ్యాలి. కానీ ఒక్కచోటే ఉంటే ఏం జరుగుతుందో మన కళ్ళముందు జరిగింది. 2000 ఆగస్టులో హైదరాబాదులో వరదలొచ్చాయి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్ళు వచ్చాయి. ఎంతో శ్రమతో కూడబెట్టిన పాత పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి. నడిపేవాళ్ళ శ్రద్ధలో లోపం లేదు. నీటికి అది తెలియదు. అందుకే ప్రతులు పలుచోట్ల ఉండాలి. ఒకటి వేటపాలెంలో, ఒకటి హైదరాబాదులో, ఒకటి జంషెడ్‌పూర్‌లో. ఆ మూడోదాని బాధ్యత మనది. మీ తర్వాత మీ ఇంట్లో ఆ పెట్టె ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. దానికి ఇప్పుడే ఏర్పాటు చెయ్యండి. పెట్టె మూత లోపల ఒక కాగితం అతికించండి. ఇవి ఏ పత్రికలు, ఏ సంవత్సరానివి, ఎవరికి ఇవ్వాలి అన్నది తెలుగులోనూ హిందీలోనూ రాయండి. తెలుగు చదవని కోడలైనా, మనవడైనా అది చూసి కాటా దగ్గరికి పంపకుండా ఆగుతారు.

శ్రోతలారా, మళ్ళీ ఒక్కసారి చెబుతాను. సంచికను సంచికగానే ఉంచండి. అట్టను, ప్రకటనను, ఉత్తరాలను వేరు చెయ్యకండి. ఒక పత్రిక, ఒక సంవత్సరం, పూర్తిగా. ఒక కుటుంబం 1958 తీసుకుంటే ఇంకో కుటుంబం 1963 తీసుకోవచ్చు. పాతిక ఇళ్ళు ముందుకొస్తే పాతికేళ్ళ చందమామ ఈ ఊళ్ళోనే ఉంటుంది. ఎవరి దగ్గర ఏ సంవత్సరం ఉందో ఒక జాబితా రాసి మీ సంఘం కార్యాలయంలో పెట్టండి. దానికి ఖర్చు ఒక నోటుపుస్తకం. ఈ ఆదివారం అటక దించి చూడండి. మొదటి టిక్కు పెట్టండి.